ఆసుపత్రిలో ‘సంతకం పెట్టండి’ అంటే భయపడాలా? ప్లాస్మా చెప్పిన పాఠం

2021 రంజాన్ నెల చాలా ఇళ్లలో ఇంకా మరిచిపోలేదు. కరోనా రెండో వేవ్ ఉధృతంగా ఉన్న రోజులవి. సెహ్రీ వేళకు కూడా ఫోన్లు మోగుతూనే ఉండేవి. ‘బి పాజిటివ్ ప్లాస్మా అర్జెంట్’, ‘అబ్బా ఐసీయూలో ఉన్నారు, దాత దొరికితే చెప్పండి’ అని వాట్సాప్ గ్రూపుల నిండా మెసేజ్‌లే. కుర్రాళ్లు రోజా ఉండి మరీ బ్లడ్ బ్యాంకుల చుట్టూ తిరిగారు. అప్పు చేసిన వాళ్లు, నగలు అమ్మిన వాళ్లు కూడా ఉన్నారు.

ఆ ఏడాది మే 14న ఈద్. సరిగ్గా మూడు రోజులకు, మే 17న, కరోనా చికిత్స మార్గదర్శకాల నుంచి ప్లాస్మాను కేంద్రం తీసేసింది. దానివల్ల మేలు కనిపించలేదన్నదే కారణం.

అసలు విషయం ఏమిటంటే, ఈ సంగతి మన దేశంలోనే అంతకు ఏడు నెలల ముందే తేలిపోయింది. తేల్చింది మన ఆసుపత్రులే, మన పేషెంట్లే. కానీ ఆ మాట ఇళ్ల దాకా రాలేదు.

39 ఆసుపత్రులు, 464 మంది

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 ఏప్రిల్ 22 నుంచి జూలై 14 వరకు ‘ప్లాసిడ్’ పేరుతో ఒక ట్రయల్ నడిపింది. దేశవ్యాప్తంగా 39 ప్రభుత్వ, ప్రైవేట్ ఆసుపత్రుల్లో ఓ మోస్తరు తీవ్రతతో ఉన్న 464 మంది కరోనా పేషెంట్లు ఇందులో చేరారు. ట్రయల్ కోసం మొదట్లో ఎంపిక చేసిన సంస్థల్లో తెలంగాణ నుంచి సికింద్రాబాద్ గాంధీ మెడికల్ కాలేజీ ఉంది.

పద్ధతి చూస్తే సింపులే. 235 మందికి మామూలు చికిత్సతో పాటు ప్లాస్మా రెండుసార్లు, 24 గంటల తేడాతో 200 మిల్లీలీటర్ల చొప్పున ఎక్కించారు. మిగతా 229 మందికి మామూలు చికిత్స మాత్రమే. ఎవరు ఏ గ్రూపులోకి వెళ్లాలో డాక్టర్ నిర్ణయించలేదు, పేషెంట్ కోరుకోలేదు. చీటీ తీసినట్టుగా నిర్ణయం జరిగింది. ఆ తర్వాత 28 రోజుల పాటు అందరినీ ఒకే లెక్కన గమనించారు.

ఫలితం 2020 అక్టోబర్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ప్లాస్మా తీసుకున్న వాళ్లలో 19 శాతం మందికి జబ్బు ముదరడమో, ప్రాణం పోవడమో జరిగింది. తీసుకోని వాళ్లలో అది 18 శాతం. అంటే ప్లాస్మా వల్ల చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు.

మరి ‘మా వాళ్లకు తగ్గింది కదా’ అంటే?

చాలామంది అడిగే ప్రశ్న ఇదే. జవాబు పై అంకెల్లోనే ఉంది. ప్లాస్మా ఇచ్చిన వందమందిలో 81 మందికి జబ్బు ముదరలేదు. పది మందికి ఇచ్చిన డాక్టర్‌కు ఎనిమిది మంది కోలుకున్నట్టు కనిపిస్తుంది. ఆయనకు నమ్మకం కలగడం సహజం. కానీ ప్లాస్మా ఇవ్వని వందమందిలోనూ 82 మంది అలాగే గట్టెక్కారు. రెండో గ్రూపు లేకపోతే ఈ సంగతి ఎవరికీ తెలిసేదే కాదు.

ఇన్ని ఆసుపత్రులు ఎందుకన్నది ఇంకో ప్రశ్న. 464 మందిని 39 ఆసుపత్రులకు పంచి చూస్తే సగటున ఒక్కో చోట 12 మందే. పన్నెండు మందిని చూసి ఏ డాక్టరూ గట్టిగా ఏమీ చెప్పలేడు. అందరి లెక్కలూ ఒక్కచోట చేరితేనే నిజం బయటపడుతుంది. పైగా ఒక ఊరి ఆసుపత్రిలో వచ్చిన ఫలితం ఆ ఊరికే పరిమితం కావచ్చు.

ఇలాంటి వాటినే మల్టీ సెంటర్ ప్రాస్పెక్టివ్ స్టడీలు అంటారు. పాత కేసు షీట్లు తిరగేసి లెక్క కట్టడం వేరు. ఏం కొలవాలో ముందే రాసిపెట్టుకుని, ఆ రోజు నుంచి కొత్త ఖాతా తెరిచి ప్రతి పేషెంట్‌నూ రాసుకుంటూ పోవడం వేరు. రెండో దాంట్లో నచ్చినవి ఉంచుకుని నచ్చనివి వదిలేయడం కష్టం.

ఇదే దారిలో బ్రిటన్‌లో ‘రికవరీ’ ట్రయల్ జరిగింది. మన మందుల షాపుల్లో కొద్ది రూపాయలకే దొరికే డెక్సామెథాసోన్ వల్ల వెంటిలేటర్ మీదున్న వాళ్లలో మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయని 2020 జూన్‌లో అది చెప్పింది. ఆక్సిజన్ అవసరం లేని వాళ్లకు మాత్రం ఆ మందు వల్ల లాభం కనిపించలేదు. ఈ రెండో మాట మన దగ్గర చాలామంది వినలేదు. ఇంట్లోనే స్టెరాయిడ్లు వాడేశారు. తర్వాత వచ్చిన బ్లాక్ ఫంగస్‌కు అదుపులో లేని షుగర్‌తో పాటు స్టెరాయిడ్ల అతి వాడకం కూడా ఒక కారణమని డాక్టర్లు చెప్పారు.

భయానికీ కారణం ఉంది

ట్రయల్ అనగానే ‘మనల్ని ఎలుకల్లా వాడుకుంటారు’ అనే మాట వస్తుంది. దాన్ని అజ్ఞానం అని కొట్టిపారేయలేం. తెలుగు నేల మీదే చేదు అనుభవం ఉంది.

2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్ కలిసి ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకాలు వేసే ప్రాజెక్టు నడిపాయి. హాస్టళ్లలో చదువుకునే గిరిజన, పేద పిల్లలు అందులో ఎక్కువ. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ కమిటీ చెప్పింది. కానీ అనుమతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుబట్టింది. ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 ఫారాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. కన్న తల్లిదండ్రులను అడగకుండానే వేలమంది పిల్లల తరఫున ‘ఒప్పుకున్నారు’.

ఇప్పుడు చట్టం ఏం చెబుతోంది?

2019లో వచ్చిన కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ట్రయల్ మొదలుపెట్టకూడదు. పేషెంట్‌కు అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా అన్నీ చెప్పాలి. చదవడం రాని వాళ్లయితే ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. ఎప్పుడైనా తప్పుకోవచ్చు, తప్పుకున్నంత మాత్రాన మామూలు చికిత్స ఆపకూడదు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి.

‘అర్థమయ్యే భాష’ అన్న దగ్గరే మన కుటుంబాలకు చిక్కు. పాతబస్తీలో దక్కనీ మాట్లాడే నానీకి తెలుగు ఫారం ఇస్తే లాభం లేదు. ముస్లిం పేరు చూసి గుంటూరు పల్లెలోని ఖాలాకు ఉర్దూ ఫారం ఇచ్చినా లాభం లేదు, ఆమె చదివింది తెలుగు మీడియం. ఏ భాష కావాలో అడిగి తీసుకోవాల్సింది మనమే. అలాగే అమ్మీ స్పృహలో ఉండి మాట్లాడగలిగితే సంతకం ఆమెదే కావాలి. కొడుకో, షోహరో ఆమెను అడగకుండా పెట్టేసే సంతకానికి, ఆనాటి వార్డెన్ సంతకానికి పెద్ద తేడా లేదు.

సంతకానికి ముందు కొన్ని ప్రశ్నలు అడిగి తీరాలి. ఇది మందు పరీక్షా, లేక వివరాలు, రక్తం శాంపిల్ మాత్రమే తీసుకునే స్టడీనా? చేరకపోతే ఏ చికిత్స ఇస్తారు? హాని జరిగితే బాధ్యత ఎవరిది, ఫోన్ నంబర్ ఏది? క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేశారా? ఆ నంబర్ ఉంటే స్టడీ వివరాలు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. జవాబులు నచ్చకపోతే కాదనే హక్కు ఉంది.

ఫలితం ఎవరికి చేరుతోంది?

కరోనా తొలి రోజుల్లో నిందలు మోసిన తబ్లీగీ జమాత్ సభ్యులే కోలుకున్నాక ప్లాస్మా ఇచ్చేందుకు ముందుకొచ్చారు. దాతలు, పేషెంట్లు లేకపోతే ప్లాస్మా పనిచేస్తుందా లేదా అన్న ప్రశ్నకు జవాబే దొరికేది కాదు. కానీ ఆ జవాబు ఇంగ్లీషు జర్నల్‌లో ఆగిపోయింది. మార్గదర్శకాల్లో మార్పు రావడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించింది ప్లాస్మా కోసం ఊరంతా తిరిగిన కుటుంబాలే.

పేషెంట్ దగ్గర సంతకం తీసుకునేటప్పుడు చూపే తొందర, ఫలితం చెప్పేటప్పుడు కూడా చూపాలి. ప్రతి ట్రయల్ ఫలితాన్నీ తెలుగులో, ఉర్దూలో నాలుగు ముక్కల్లో రాసి ఆసుపత్రి గోడ మీద అంటించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఆ నాలుగు ముక్కలు 2020 అక్టోబర్‌లోనే గోడ మీద ఉండి ఉంటే, తర్వాతి రంజాన్‌లో ఎన్నో ఇళ్లకు ఆ పరుగు తప్పేది.