ట్యాంకు కొనే ముందు స్క్రూడ్రైవరు కొనండి



రిమోట్‌తో నడిచే నమూనా ట్యాంకులను గూర్చి ఒక తెలుగు ఉపాధ్యాయుడు వ్రాయవలసిన అవసరమేమిటని కొందరికి సందేహం కలుగవచ్చు. గడచిన మూడేళ్లలో మా సోలాపూరులో నన్ను పద్యాలను గూర్చి అడిగిన తల్లిదండ్రుల కన్న, "మా వాడు ట్యాంకు కావాలని పట్టుబట్టినాడు, కొనమంటారా సార్?" అని అడిగినవారే ఎక్కువ. అడిగినవారందరికీ వేర్వేరుగా చెప్పిన మాటలనే ఇక్కడ ఒకచోట చేర్చుతున్నాను.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కొనండి. అయితే ముందుగా ఒక చిన్న స్క్రూడ్రైవరు, ఒక నోటు పుస్తకం కొనండి. ట్యాంకు ఆ తరువాత. ఈ అభిరుచి కొనడంతో ఆరంభం కాదు, విప్పి చూడడంతో ఆరంభమవుతుంది. విప్పడానికి సిద్ధపడని ఇంట్లో ఎంత ఖరీదైన ట్యాంకైనా నెల తిరగకుండానే అటక ఎక్కుతుంది.

ఈ అభిప్రాయం నాకు పుస్తకాల వలన కలిగినది కాదు, నేను చేసిన ఒక పొరపాటు వలన కలిగినది. 2022 దీపావళికి మా బడిలో ఎనిమిదవ తరగతి చదివే ఒక కుర్రవాడికి తండ్రి ట్యాంకు కొనిపెట్టినాడు. ఆయన మరమగ్గాల కార్ఖానాలో జాబర్, అనగా సాంచెలు చెడిపోతే బాగుచేసే మనిషి. పండుగ బోనసులో పెద్ద భాగం దానికే పోయింది. నాలుగు రోజులకు ట్యాంకు ఒక ప్రక్కకే తిరగడం మొదలుపెట్టింది. ఇంట్లో గొడవ జరిగింది. కుర్రవాడు దానిని సంచిలో పెట్టుకొని నా దగ్గరకు వచ్చినాడు, ఎందుకంటే దానితో వచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉన్నది, తండ్రికి ఇంగ్లీషు రాదు.

నేను కాగితం చదివినాను. పట్టా వదులైనదని తీర్మానించి, ఒక లంకె తీసివేసి బిగించినాను. ట్యాంకు రెండు నిమిషాలు చక్కగా నడిచింది. తరువాత లోపల కరకరమని చప్పుడు వచ్చి పూర్తిగా ఆగిపోయింది. పదకొండు వేల రూపాయల వస్తువు నా చేతిలో చచ్చింది. ఆ పిల్లవాడి ముఖం వైపు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

మరునాడు తండ్రి వచ్చినాడు. ఆయన కాగితం జోలికి పోలేదు. నేల మీద కూర్చొని ట్యాంకును తిరగవేసి అడుగు విప్పినాడు. ఒక ఇరుసుకు చుట్టుకొని ఉన్న నూలు పోగులను గోటితో లాగి చూపించినాడు. మగ్గాల కార్ఖానా ప్రక్కనే ఇల్లు. నేలంతా దూది పీచు. అసలు జబ్బు అది. నేను పట్టాను బిగించడం వలన జరిగింది వేరు. "మోటరు తప్పు గాదు సార్. పట్టా మస్తు బిగువైతే చక్రం పండ్లు కొట్టుకపోతయి. మా సాంచెకు గూడ గిట్లనే అయితది" అన్నాడు. ఇంగ్లీషు చదివిన నాకు తెలియనిది ఆయన చేతులకు తెలుసు. కొత్త గేరు పెట్టె తెప్పించడానికి అయిన ఖర్చు నేను ఇవ్వబోతే ఆయన సగమే తీసుకున్నాడు.

ఆ సంవత్సరం నుండి నేను నేర్చుకొన్నదానిని, కొత్తగా మొదలుపెట్టేవారి కోసం క్రమంగా చెబుతాను.

మొదటిది పరిమాణం. ఈ నమూనాలను అసలు ట్యాంకులో ఎన్నవ వంతు అన్న లెక్కతో పిలుస్తారు. 1/16, 1/24, 1/35, 1/72 సాధారణంగా కనిపించే కొలతలు. బల్ల మీద ఆడుకొనడానికి 1/72 ముద్దుగా ఉంటుంది గాని, దానిని విప్పితే తిరిగి బిగించడం పెద్దల వల్ల కూడ కాదు. నేర్చుకొనే ఉద్దేశమున్నవారికి 1/16 తగినది. చక్రాలు, ఇరుసులు, పళ్ళ చక్రాలు చేతికి అందుతాయి, విడి భాగాలు విరివిగా దొరుకుతాయి. చైనాకు చెందిన హెంగ్ లాంగ్ వారి ట్యాంకులతోనే లోకంలో చాలామంది ఆరంభిస్తారు. అవి కట్టి సిద్ధంగా వస్తాయి. జపాను టమియా వారి పెద్ద నమూనాలు ముక్కలుగా వస్తాయి, మనమే కట్టుకోవాలి; ధర అనేక రెట్లు. అది రెండవ మెట్టు, మొదటిది కాదు. అసలు ఆసక్తి నిలుస్తుందో లేదో తెలియనప్పుడు, వెయ్యి రెండు వేలకు దొరికే చిన్న బొమ్మను కొని, దానిని పూర్తిగా విప్పించి, తిరిగి బిగించగలిగినాడా అని చూడండి. బిగించగలిగితే పెద్దది కొనవచ్చు. నా దృష్టిలో ఇదే ప్రవేశ పరీక్ష.

రెండవది నడక. కారుకు ముందు చక్రాలు తిరుగుతాయి. ట్యాంకుకు తిరిగే చక్రాలు లేవు. కుడి పట్టాకు ఒక మోటారు, ఎడమ పట్టాకు ఒక మోటారు. ఒకటి నెమ్మదిస్తే ట్యాంకు ఆ వైపు ఒరుగుతుంది. ఒకటి ముందుకు, రెండవది వెనుకకు తిరిగితే ఉన్నచోటనే గిరగిర తిరుగుతుంది. పిల్లలకు ఈ గిరగిరయే ఇష్టం, పట్టాలు ఊడిపోయేదీ గేర్లు అరిగేదీ దాని వల్లనే. తివాచీ మీద, గరుకు నేల మీద మొదటి వారం ఆ పని చేయనివ్వకండి. పట్టా మరీ బిగువుగా ఉండరాదు, ఊడేంత వదులుగానూ ఉండరాదు; పై భాగం చక్రాల మీద కొద్దిగా వాలి ఉండాలి. ఆడిన ప్రతిసారీ ఇరుసులకు చుట్టుకొన్న వెంట్రుకలు, దారాలు తీసివేయాలి. రిమోటును ముందు వెలిగించి తరువాత ట్యాంకును వెలిగించాలి. ఆపేటప్పుడు ట్యాంకును ముందు ఆపాలి.

పాత వస్తువు కొనేవారు ఒక్క సంగతి గమనించండి. వెనుకటి ట్యాంకులు 27 మెగాహెర్ట్జ్ మీద నడిచేవి. ఒకే పౌనఃపున్యం గల రెండు ట్యాంకులు దగ్గరగా ఉంటే ఒక రిమోటు మాట రెండూ వినేవి. ఇప్పటివి 2.4 గిగాహెర్ట్జ్ మీద, దేని రిమోటుతో దానికి జత కుదిరి నడుస్తాయి. ఇద్దరు ముగ్గురు పిల్లలు కలసి ఆడాలంటే ఇవే మేలు.

మూడవది బ్యాటరీ. ఇక్కడ నేను కఠినంగా మాట్లాడతాను. ఇప్పటి ట్యాంకులలో తరచుగా 7.4 వోల్టుల లిథియం బ్యాటరీ ఉంటుంది, అనగా రెండు గదులు. ఒక్కొక్క గది పూర్తిగా నిండితే 4.2 వోల్టులు. 3 వోల్టుల కన్న దిగువకు పోనిస్తే అది పాడవుతుంది. ట్యాంకు మందగించగానే ఆట ఆపాలి. దానికని ఇచ్చిన ఛార్జరుతోనే, పెద్దలు ఎదుట ఉండగానే, రాతి నేల మీదనో గచ్చు మీదనో ఛార్జి చేయాలి. పరుపు మీద వద్దు, రాత్రి పెట్టి నిద్రపోవడం అసలే వద్దు. మా ఊరి వైశాఖ మాసపు ఎండలలో రేకుల ఇంట్లో బ్యాటరీని వదలరాదు. ఉబ్బిన బ్యాటరీని గుచ్చకుండా, చెత్తలో వేయకుండా ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకొనేవారికి అప్పగించాలి. మగ్గాల నడుమ, నూలు మూటల నడుమ కాపురముండే మనకు నిప్పును గూర్చి ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

కొన్ని ట్యాంకులు 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండ్లను పేలుస్తాయి. పిల్లల ఇంట్లో ఆ గుండ్లు వద్దు. కన్ను పోతే తిరిగి రాదు. కంటికి కనిపించని పరారుణ కిరణంతో గురి చూసుకొనే ఏర్పాటు ఉన్నవి దొరుకుతాయి. పోటీ సరదా అంతా అందులోనే ఉంది.

ఇక లెక్కల ఉపాధ్యాయులకు ఒక మాట. రెండవ ప్రపంచయుద్ధ కాలపు షెర్మన్ ట్యాంకు పొడవు సుమారు 5.8 మీటర్లు. 1/16 నమూనా పొడవు 36 సెంటీమీటర్లు. బరువు సుమారు 30 టన్నులు. మరి నమూనా బరువెంత ఉండాలి? పిల్లలందరూ 16తో భాగిస్తారు. దాదాపు రెండు టన్నుల బొమ్మ వస్తుంది, అందరూ నవ్వుతారు. అప్పుడు పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గినవి కదా అంటే, 16ను మూడు మార్లు గుణించి 4096తో భాగిస్తారు. ఏడు కిలోల పైచిలుకు వస్తుంది. ప్లాస్టిక్ నమూనా అందులో సగం కూడ తూగదు. అందుకే అది గతుకుల మీద బంతిలా ఎగురుతుంది, అందుకే అనుభవమున్నవారు లోహపు పట్టాలు, లోహపు చక్రాలు వేయించుకొంటారు. అయితే బరువు పెంచే ముందు లోపలి ప్లాస్టిక్ గేర్లను ఉక్కు గేర్లుగా మార్చుకోవాలి. ఘనం పాఠం ఇంత తేలికగా అర్థమవడం నేను మరెక్కడా చూడలేదు.

"యుద్ధపు బొమ్మను బడిలోకి తెస్తారా?" అని ఒక తల్లి నన్ను నిలదీసినది. ఆమె ప్రశ్న న్యాయమైనది. దాచిపెట్టడం దానికి సమాధానం కాదని నా నమ్మకం. 2023 జనవరిలో పన్నెండు మంది పిల్లలను తీసుకొని దౌండ్ మీదుగా అహమద్‌నగర్ వెళ్లినాము. ఆ ఊరు ఇప్పుడు అహిల్యానగర్. అక్కడ సైన్యం వారి అశ్విక దళ ట్యాంకుల ప్రదర్శనశాల 1994 నుండి ఉన్నది. మన వారు అక్కడ తరతరాలుగా ఉన్నారు గనుక భోజనానికి కొరత కలుగలేదు. 1965 సెప్టెంబరులో అసల్ ఉత్తర్ వద్ద జరిగిన పోరాటంలో షెర్మన్ ట్యాంకులతో ప్యాటన్లను ఎదుర్కొన్న దళాలలో దక్కన్ హార్స్ ఒకటి అనీ, దాని పుట్టుక హైదరాబాదు సేనలోనిదనీ చెప్పినాను. పిల్లలు ఉత్సాహంగా విన్నారు. తరువాత ఒక ట్యాంకు ప్రక్కన నిలబడి, లోపల నలుగురైదుగురు మనుషులు ఉంటారని చెప్పినాను. మా జాబర్ కొడుకు దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "నిప్పంటుకుంటే లోపలోళ్లు ఎట్ల దిగుతరు సార్?" అని అడిగినాడు. నేను జవాబు చెప్పేలోపలే అందరూ మౌనమైపోయినారు. ఆ మౌనం కోసమైనా పిల్లలకు ఈ బొమ్మను, దాని వెనుక ఉన్న చరిత్రను కలిపి ఇవ్వాలని నేనంటాను.

చివరగా నోటు పుస్తకం సంగతి. ట్యాంకు అన్న మాటనే చూడండి. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులో ఈ యంత్రం తొలిసారి యుద్ధంలో దిగింది. అంతకు ముందు రహస్యం కోసం వాటిని నీళ్ల తొట్లని చెప్పుకొన్నారు. ఆ పేరే నిలిచిపోయింది. నీటి తొట్టి అన్న అర్థంలో ఆ ఇంగ్లీషు మాట మన పడమటి తీరపు గుజరాతీ, మరాఠీ మాటల నుండి పోయినదని నిఘంటుకారులు చెబుతారు. మన ప్రక్కింటి మాట సముద్రం దాటి ఇనుప తొడుగు తొడుక్కొని తిరిగి వచ్చిందన్న మాట.

మా పిల్లలు ట్యాంకు విప్పిన ప్రతిసారీ ఏమి విప్పినారో, ఏ వరుసలో విప్పినారో, ఎందుకు ఆగిందో తెలుగులో వ్రాయాలి. వరుస వ్రాయకపోతే తిరిగి బిగించలేరు గనుక ఎవరూ ఎగవేయరు. ఇరుసు, పట్టా, లంకె, పళ్ళ చక్రం, మరమేకు అన్న మాటలు వాళ్ల పుస్తకాలలోకి నా నుండి రాలేదు, ఇంట్లో తండ్రుల నుండి వచ్చినవి. గేరు, మోటారు, బ్యాటరీ అలాగే ఉన్నాయి. వాటికి సంస్కృత సమాసాలు కట్టమని నేను అడగలేదు. బడిలో మరాఠీ, ఫోనులో హిందీ, ఉద్యోగానికి ఇంగ్లీషు అనుకొనే ఊళ్లో, తెలుగుతో ఒక పని జరుగుతుందని పిల్లవాడికి కనిపించడం చిన్న సంగతి కాదు. తన తండ్రికి తెలిసిన మాటలు పుస్తకంలో వ్రాయదగినవని తెలియడం అంతకన్న పెద్ద సంగతి.

ఆ కుర్రవాడి ట్యాంకు ఇప్పటికీ నడుస్తున్నది. ఆ నోటు పుస్తకం మొదటి పుటలో నా పొరపాటు తేదీతో సహా ఉన్నది: "సార్ ఒక లంకె తీసినారు. తీయగూడదు." కొత్తగా మొదలుపెట్టేవారు ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకొంటే చాలు.