కుర్రాడి కూలి కొయ్యడం ఆపండి, టార్క్ రెంచ్ కొనండి

టూవీలర్ మెకానిక్ సోదరులకు, షాపు మేస్త్రీలకు,

పోయిన వారం మన ఆటోనగర్‌లో ఏం జరిగిందో అందరికీ తెలుసు. వంద సీసీ బండికి బోరు పని. హెడ్డు కూర్చోబెట్టి పైన నాలుగు నట్లూ మేస్త్రీ స్వయంగా బిగించాడు. పక్కన టైమింగ్ చైను వైపు ఉండే 6 ఎంఎం బోల్టును మాత్రం ఎప్పటిలాగే కుర్రాడికి వదిలేశాడు. అక్కడికి పెద్ద చెయ్యి దూరదు కదా! వాడు చేతికందిన పానాతో బిగించాడు. "ఇంకొంచెం బిగించరా" అన్నారు. బిగించాడు. తల ఊడి చేతికొచ్చింది, కాడ లోపలే ఉండిపోయింది. లేత్ బిల్లూ, కొత్త ప్యాకింగ్ ఖర్చూ వాడి కూలిలోంచి పట్టుకున్నారు.

కనిపించే నట్టు మేస్త్రీది, కనిపించని నట్టు కుర్రాడిది. ఆయిల్ కారకపోతే పేరు మేస్త్రీకి, కారితే తిట్లు కుర్రాడికి. ఇదీ మన లైన్లో నడుస్తున్న న్యాయం.

ఆ బోల్టుకు ఎంత బిగువు కావాలో వాడికి ఎవరైనా చెప్పారా? ఆ సైజుకు మామూలుగా 10 న్యూటన్ మీటర్ల దగ్గర సరిపోతుంది. జానెడు కూడా లేని 15 సెంటీమీటర్ల రింగు పానాతో ఆ బిగువు రావాలంటే దాదాపు 7 కిలోల బలం పెట్టాలి. అదే పానాకు గొట్టం తొడిగి అర మీటరు చేస్తే 2 కిలోలు చాలు. గొట్టం పట్టుకున్నవాడి చేతికి బోల్టు సాగుతున్న సంగతి తెలిసేలోపే అది తెగుతుంది. ఇక సందులో దూరడానికి గ్రైండర్ మీద అరగదీసి, గ్యాస్‌తో వంచి పెట్టుకున్న పొట్టి పానాలున్నాయి చూడండి, వాటిది రెండో రోగం. అర అంగుళం తిరిగేసరికి ఫిన్నుకు తగులుతుంది, వేళ్లు నొప్పెడతాయి, "టైటయింది అన్నా" అంటాడు. కాలేదు. నెల తిరక్కుండా ప్యాకింగ్ దగ్గర ఆయిల్ చెమ్మ.

బుల్లెట్ సంగతే తీసుకోండి. పాత ఇనప బ్యారెల్ బండికి ట్యాపెట్ కవర్ వెనక దాక్కున్న నట్టుంటుంది. అది ఉందని మర్చిపోయి బ్యారెల్ లాగినవాళ్లు మనలో లేరా? తిరిగి బిగించేటప్పుడు దాన్ని అందాజాకు వదిలేస్తారు. పైన కవర్‌కున్న ఒక్క నట్టును మాత్రం ఆయిల్ కారుతోందని బలమంతా పెట్టి తిప్పుతారు. రేకు వంగుతుంది, ఇంకా ఎక్కువ కారుతుంది.

మద్రాసులో బుల్లెట్లు బిగించడం 1955లో మొదలైంది. మన గురువుల చెయ్యి ఆ బండి మీద కుదిరింది. కంప్రెషన్ తక్కువ, వేగం తక్కువ, చేతి తప్పును ఆ ఇంజన్ ఓర్చుకుంది. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. చిన్న బోల్టులు, అల్యూమినియం మరలు. బండి మారింది, మన పానా మారలేదు.

మేస్త్రీలూ, మీతో సూటిగా మాట్లాడాలి. "ముప్పై ఏళ్ల చెయ్యి నాది, బిగువు కొలిచే టార్క్ రెంచ్ ఎందుకు?" అంటారు. మీ చెయ్యి గొప్పదే. మరి ఆ బోల్టు దగ్గరకు వెళ్తున్నది మీ చెయ్యి కాదే! వెళ్తున్నది నిన్నగాక మొన్న పనిలో చేరినవాడి చెయ్యి. మీ అనుభవాన్ని వాడి వేళ్లకు అరువివ్వలేరు, వాడి కూలి మాత్రం కోస్తారు. ఇది దోపిడీ. మెత్తటి మాట నాకు దొరకలేదు.

ఖర్చంటారా? నాలుగు షాపులు కలిసి రెంచ్ కొంటే ఒక్కో షాపుకు పడేది ఎంత? టైమంటారా? తెగిన స్టడ్ తీయించడానికి లేత్ దగ్గర కూర్చునే పూట టైము కాదా?

కావలసింది పెద్ద సామాను కాదు. 5 నుంచి 25 న్యూటన్ మీటర్ల చిన్న రెంచ్ ఒకటి, హెడ్డు నట్లకు పెద్దది ఒకటి, సాకెట్ దూరని చోటుకు క్రోఫుట్ తలలు. క్రోఫుట్‌ను రెంచ్‌కు అడ్డంగా, 90 డిగ్రీలకు పెడితే లెక్క మారదు. తిన్నగా ముందుకు పెడితే మారుతుంది: 30 సెంటీమీటర్ల రెంచ్‌కు 3 సెంటీమీటర్లు కలిస్తే, 25కు పెట్టిన బిగువు బోల్టు దగ్గర 27.5 అవుతుంది. తిన్నటి ఎక్స్‌టెన్షన్ రాడ్ వల్ల తేడా రాదు. వంకర తిరిగే జాయింటును మాత్రం నమ్మకండి. మాన్యువల్ పొడి మరకు ఇచ్చిన అంకెను ఆయిల్ రాసిన మరకు వాడితే బోల్టు అతిగా సాగుతుంది. హెడ్డు నట్లను ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించండి. పనయ్యాక రెంచ్ స్ప్రింగును కనిష్ఠ అంకెకు దించి పెట్టెలో పెట్టండి. దాంతో నట్లు ఊడదీయకండి, మహాప్రభో.

ఇక మా డిమాండ్లు. ప్రతి షాపుల వరుసకూ ఉమ్మడి రెంచ్ సెట్టు ఉండాలి. బోరు పని జాబ్ కార్డు మీద దాక్కున్న బోల్టులతో సహా ప్రతి బిగువూ అంకెల్లో రాయాలి, పక్కన మేస్త్రీ సంతకం పెట్టాలి. సంతకం లేని బోల్టు తెగితే కుర్రాడి కూలిలో ఒక్క రూపాయి ముట్టకూడదు. ఇప్పటికే పట్టుకున్నది తిరిగి ఇవ్వాలి. ఇంజన్ పనికి బండి ఇచ్చే కస్టమర్లూ, ఆ కార్డు చూడకుండా డబ్బు కట్టకండి.

వచ్చే ఆదివారం షాపులు మూసేశాక బోరింగ్ షాపు పక్కన టీ కొట్టు దగ్గర కలుద్దాం. షాపు వాటా డబ్బు తెచ్చుకోండి. కుర్రాళ్లనూ వెంటబెట్టుకు రండి, రెంచ్ ముందు వాళ్లే పట్టుకోవాలి.

ఇట్లు
మీలో ఒక మెకానిక్