క్యూబా కేబుల్ గుట్టు

ఒక దేశంలోని కంప్యూటర్‌కు బయటి నుంచి చిన్న డేటా ప్యాకెట్ పంపితే, జవాబు తిరిగి రావడానికి పట్టే సమయమే లేటెన్సీ. దీన్ని మిల్లీసెకన్లలో లెక్కిస్తారు. 1983 డిసెంబరులో మైక్ మూస్ రాసిన ‘పింగ్’ ప్రోగ్రామే నేటికీ ఇందుకు మొదటి పనిముట్టు. ఒక్కసారి పింగ్ చేసి తేల్చేస్తే కుదరదు. దారిలో రద్దీ ఉంటే సమయం పెరుగుతుంది. దారి ఎంత ఖాళీగా ఉన్నా దూరం విధించిన హద్దు కంటే తగ్గదు. అందుకే పలు దేశాల నుంచి రోజుల తరబడి కొలిచి, వచ్చినవాటిలో అతి తక్కువ అంకెను పట్టుకోవాలి. సగటును నమ్ముకుంటే దారి సంగతి తెలియదు.

2013 దాకా క్యూబా ఇంటర్నెట్‌కు ఉపగ్రహాలే దిక్కు. భూస్థిర ఉపగ్రహం ఉండేది దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున. ప్రశ్న ఎక్కి దిగాలి, జవాబూ ఎక్కి దిగాలి. కాంతి వేగంతో వెళ్లినా దాదాపు 480 మిల్లీసెకన్లు తప్పవు. క్యూబా కొలతలు 600 పైమాటే. నిజానికి వెనిజులా నుంచి ఆల్బా-1 సముద్ర కేబుల్ 2011 ఫిబ్రవరిలోనే క్యూబాలోని శాంటియాగో దగ్గరి సిబోనే తీరానికి చేరింది. ఆ తర్వాత దాదాపు రెండేళ్లు సర్కారు దాని ఊసెత్తలేదు.

2013 జనవరిలో ఇంటర్నెట్ దారులను గమనించే రెనెసిస్ సంస్థ విశ్లేషకుడు డగ్ మడోరీకి ఒక వింత కనబడింది. క్యూబా ప్రభుత్వ టెలికాం సంస్థ ఎటెక్సాకు స్పెయిన్ టెలికాం సంస్థ టెలిఫోనికా ద్వారా కొత్త దారి తెరుచుకుంది. కొలతలు 400 చుట్టుపక్కలకు పడ్డాయి. రాకపోకలు రెండూ ఉపగ్రహం మీదే అయితే అంత తక్కువ రాదు. రెండూ కేబుల్ మీదే అయితే అంత ఎక్కువ ఉండదు. అంటే ప్యాకెట్లు ఒకవైపు సముద్రం అడుగునా, మరోవైపు ఆకాశం మీదుగానూ తిరుగుతున్నాయన్నమాట! కొద్ది రోజుల్లోనే కొన్ని అంకెలు 200 లోపుకు దిగాయి. ఇక రెండు వైపులా కేబులే. జనవరి 24న ఎటెక్సా అధికార పత్రిక గ్రాన్మాలో ఒప్పుకుంది: 2012 ఆగస్టు నుంచే ఫోన్ కాల్స్ ఆ కేబుల్ మీద వెళ్తున్నాయి, ఇంటర్నెట్ పరీక్షలు జనవరి 10న మొదలయ్యాయి.

దేశాన్ని బయటి నుంచి చదవడానికి ఇంతకంటే చవకైన సాధనం లేదు. అయితే లేటెన్సీ చెప్పేది దారి గురించే. ఆ దారిన నడవనిచ్చేది ఎవరినన్నది దానికి పట్టదు. కేబుల్ వెలిగాక 2013 జూన్‌లో ఎటెక్సా దేశమంతటా 118 ఇంటర్నెట్ కేంద్రాలు తెరిచింది. సగటు నెల జీతం 20 డాలర్ల చుట్టూ ఉన్న ఆ దేశంలో గంటకు వసూలు చేసింది నాలుగున్నర డాలర్లు.