డాలు మీద ఎవరుండాలి?

“పేర్లు మారిస్తే చరిత్ర మారిపోతుందా?” అని అడిగేవాళ్లంటే ఈమధ్య నాకు ఓపిక తగ్గిపోయింది. వాళ్లకి ఒక హాస్టల్ కథ చెప్పాలి.

యేల్ యూనివర్సిటీలో విద్యార్థులుండే చోట్లని రెసిడెన్షియల్ కాలేజీలంటారు. ఒక్కోదానికి ఒక పేరు, ఒక డాలు, దాని మీద చిహ్నాలు. 1933లో తెరిచిన ఒకదానికి జాన్ కాల్హూన్ పేరు పెట్టారు. అమెరికా ఉపాధ్యక్షుడిగా చేసినవాడు. బానిసత్వం చెడు కాదు, మేలేనని 1837లో సెనేట్‌లో వాదించినవాడు.

అక్కడి రంగుటద్దాల కిటికీల్లో ఒకదాని మీద కాల్హూన్ ముందు మోకరిల్లిన నల్లజాతి మనిషి బొమ్మ ఉండేది. అభ్యంతరాలొస్తే 1990లలో సరిచేశారు. ఎవర్ని తీసేశారనుకున్నారు? మోకరిల్లినవాణ్ణి! కాల్హూన్ మాత్రం నిక్షేపంగా ఉన్నాడు. చరిత్రని చెరపడమంటే నా లెక్కలో ఇదీ.

2016 ఏప్రిల్‌లో, పేరు మార్చబోమని యూనివర్సిటీ ప్రకటించింది. చరిత్రని దాచకూడదు, ఎదుర్కోవాలి అంది. ఎదుర్కోవాల్సింది ఎవరు? ఆ జూన్‌లో అక్కడి భోజనశాల ఉద్యోగి, నల్లజాతి మనిషి, పత్తి మోస్తున్న బానిసల బొమ్మ ఉన్న అద్దాన్ని చీపురు కర్రతో పగలగొట్టాడు. అరెస్టయ్యాడు, రాజీనామా చేశాడు. గొడవయ్యాక కేసు ఎత్తేశారు, మళ్లీ పనిలోకి తీసుకున్నారు. అద్దాలు పగలగొట్టడం పద్ధతేనా అంటారా? పుస్తకంలో బొమ్మైతే మూసేసి పోవచ్చు. రోజూ పనిచేసే చోట తలెత్తితే కనబడే బొమ్మని ఎలా మూయాలి?

2017లో ఆ కాలేజీకి గ్రేస్ హాపర్ పేరు పెట్టారు. 1934లో యేల్‌లోనే గణితంలో డాక్టరేట్ చేసిన మనిషి, కంప్యూటర్ భాషలకి దారి వేసినామె, నౌకాదళంలో రియర్ అడ్మిరల్. కొత్త డాలు మీద డాల్ఫిన్, అలలు, ఒకట్లూ సున్నాలూ తలపించే ఆకారాలు ఉన్నాయి.

దీంతో న్యాయం జరిగిపోయిందని నేననను. డాలు మారితే జీతాలు మారవు. కానీ డాలు పాఠం కాదు, మర్యాద. కాల్హూన్ గురించి క్లాసులో చదవాల్సిందే, కాస్త ఎక్కువే చదవాలి. చదవడం వేరు, ఇంటి గుమ్మం మీద నిలబెట్టి దండం పెట్టడం వేరు.

“మరి రేపు హాపర్ కూడా పనికిరాదంటే?” అంటారా? అప్పుడు మళ్లీ కూర్చుని మాట్లాడుకుందాం. డాళ్లు గీసింది మనుషులే కదా.