మార్కస్ కళ్ళజోడు

మయామీ వీధుల్లో ఒక పోర్షే కారు దూసుకుపోతూ ఉంటుంది. స్టీరింగ్ పట్టుకున్నవాడు మైక్ లౌరీ. పక్క సీట్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కేకలు వేస్తున్నవాడు మార్కస్ బర్నెట్. ఎవరో దొంగను తరుముతున్నారనే అనుకుంటాడు చూసేవాడు. తీరా కారు ఆగింది ఆసుపత్రి ముందు. మార్కస్ కూతురికి పురుడు. ఆయన తాత అయ్యాడు.

2020 జనవరిలో విడుదలైన 'బ్యాడ్ బాయ్స్ ఫర్ లైఫ్' మొదలయ్యేది ఇలాగే. పదిహేడేళ్ళ తర్వాత తిరిగొచ్చిన పోలీసు జోడీని చూడటానికి జనం కూర్చుంటే, సినిమా తొలి నిమిషాల్లోనే వాళ్ళ వయసెంతో చెప్పేసింది. మైక్‌గా నటించిన విల్ స్మిత్‌కు అప్పటికి యాభై దాటింది. మార్కస్‌గా నటించిన మార్టిన్ లారెన్స్ ఆయనకన్నా మూడేళ్ళు పెద్ద. ఇద్దరినీ ముప్పై ఏళ్ళ కుర్రాళ్ళలా చూపించడానికి ఎవరూ తాపత్రయపడలేదు. సిరీస్ మళ్ళీ నిలబడింది అందుకే.

మొదటి 'బ్యాడ్ బాయ్స్' 1995లో వచ్చింది. మైకేల్ బే దర్శకత్వం వహించిన తొలి సినిమా అది. బడ్జెట్ సుమారు 1.9 కోట్ల డాలర్లు, వసూళ్ళు 14 కోట్ల డాలర్లు. హీరోలిద్దరూ అప్పటికి టీవీ సిట్‌కామ్‌ల వల్ల తెలిసిన ముఖాలు, సినిమాల్లో ఇంకా నిలదొక్కుకోనివాళ్ళు. 2003లో రెండో భాగం వచ్చింది. ఖర్చు 13 కోట్ల డాలర్లకు చేరింది, పేలుళ్ళు పెరిగాయి, నిడివి పెరిగింది, వసూళ్ళు మాత్రం ఖర్చుకు రెండింతల దగ్గరే ఆగాయి. ఆ తర్వాత మూడో భాగం ఏళ్ళ తరబడి మూలనపడింది. ఒక దర్శకుడు కొన్నాళ్ళు పనిచేసి తప్పుకున్నాడు. చివరికి బెల్జియం నుంచి వచ్చిన ఇద్దరు యువ దర్శకులు, ఆదిల్ ఎల్ అర్బీ, బిలాల్ ఫల్లా, రెండో భాగం కన్నా తక్కువ ఖర్చుతో, 9 కోట్ల డాలర్లతో తీశారు. ప్రపంచవ్యాప్తంగా 42 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది.

ఖర్చు తగ్గి, వసూళ్ళు పెరగడం వెనక మార్కెట్ లెక్కలు ఎన్నయినా ఉండొచ్చు. కానీ సినిమాలో జనం నవ్విన చోట్లు చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. మైక్ గడ్డానికి రంగు వేసుకుంటాడు. మార్కస్ ఆ రంగు సంగతి పట్టుకుని ఆటపట్టిస్తాడు. మార్కస్‌కు చూపు మందగించింది, అయినా కళ్ళజోడు పెట్టుకోనని మొండికేస్తాడు. గురి తప్పుతుంది. తిట్టించుకుని, చివరికి జోడు తగిలించుకోగానే లోకం ఒక్కసారిగా తేటపడి, ఆనందంతో పొంగిపోతాడు. తెలుగిళ్ళలో నలభై దాటిన ప్రతి మగవాడూ పేపరు దూరంగా పట్టుకుని చదువుతూ 'నాకేం అక్కర్లేదు' అన్న రోజులుంటాయి. ఆ క్షణాన్ని తుపాకుల మోతలో పెట్టడం మామూలు పనితనం కాదు.

ఇంకో పాత్ర గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. రెండో భాగంలో రెజీ అని పదిహేనేళ్ళ కుర్రాడు మార్కస్ కూతురిని బయటికి తీసుకెళ్ళడానికి వచ్చి గుమ్మంలో నిలబడతాడు. మార్కస్, మైక్ కలిసి వాణ్ణి నిలబెట్టి, తుపాకీ చూపించి, చెమటలు పట్టిస్తారు. కథకు ఏ మాత్రం అవసరం లేని సన్నివేశం అది. మూడో భాగంలో అదే నటుడు, అదే రెజీ, మార్కస్‌కు అల్లుడయ్యాడు. సైన్యంలో పనిచేసే మనిషి, ఇప్పటికీ మామగారి ముందు నోరు విప్పడు. 2024లో వచ్చిన నాలుగో భాగం 'రైడ్ ఆర్ డై'లో మార్కస్ ఇంటి మీద దుండగులు పడితే, ఇంట్లోవాళ్ళను కాపాడేది ఈ అల్లుడే. ఒక్కడే వరసగా అందరినీ మట్టికరిపిస్తుంటే, ఎక్కడో దూరంగా చిక్కుకున్న మామ, మామ స్నేహితుడు ఇంటి కెమెరాలో చూసి నోరెళ్ళబెడతారు. గుమ్మం ముందు వణికిన కుర్రాడు గుర్తున్నవాళ్ళకు ఆ ఫైటు మామూలు ఫైటు కాదు. ఇరవై ఏళ్ళు నిజంగా గడిస్తే తప్ప దొరకని సన్నివేశం. ఏ స్టూడియో దగ్గర ఎంత డబ్బున్నా ఇది కొత్త సినిమాలో పుట్టదు.

పేరు ఉంటే చాలు, మనుషులెవరైనా ఫరవాలేదనుకున్నవాళ్ళ అనుభవం వేరు. 'రష్ అవర్'ను కొత్త జంటతో 2016లో టీవీ సీరియల్‌గా తీశారు. ఒక్క సీజన్‌తో ముగిసింది. 'లీథల్ వెపన్' సీరియల్ మూడు సీజన్లు నడిచింది, కానీ రెండో సీజన్ తర్వాత ఇద్దరు హీరోల్లో ఒకరు మారాల్సి వచ్చింది. 'బ్యాడ్ బాయ్స్' పాత్రలోంచే పుట్టిన 'ఎల్.ఏ.స్ ఫైనెస్ట్' రెండు సీజన్లకే ఆగింది. పోలీసు కథలో దొంగను మార్చొచ్చు, ఊరు మార్చొచ్చు. కారులో పక్కపక్కన కూర్చుని వాదులాడుకునే ఆ ఇద్దరిని మార్చలేరు.

ఆ ఇద్దరి వయసును దాచకూడదన్న విషయాన్ని 'లీథల్ వెపన్' సినిమాలు అందరికన్నా ముందే పసిగట్టాయి. 1987 నాటి తొలి భాగంలో పోలీసు రోజర్ మర్టా యాభయ్యో పుట్టినరోజున స్నానాల తొట్టిలో కూర్చుని ఉంటే, కుటుంబమంతా కేకు పట్టుకుని లోపలికి వచ్చేస్తుంది. ఆ పాత్ర వేసిన డానీ గ్లోవర్‌కు అప్పటికి నిండా నలభై ఒకటి లేవు. ముసలివాణ్ణయిపోయానని విసుక్కునే ఆ పాత్ర నాలుగు సినిమాల్లోనూ విసుక్కుంటూనే ఉంది. 1998లో నాలుగో భాగం వచ్చేసరికి మర్టా తాతయ్యాడు, అతని జతగాడు రిగ్స్‌కు (మెల్ గిబ్సన్) బిడ్డ. సినిమా అయ్యాక పేర్లు పడుతుంటే నటులు, తెరవెనక సిబ్బంది ఫొటోలు కుటుంబ ఆల్బంలా తిరుగుతాయి. అయిదో భాగం తనే తీస్తానన్న దర్శకుడు రిచర్డ్ డోనర్ 2021 జులైలో, 91వ ఏట కన్నుమూశారు. ఆయన కోరిక మేరకు తానే దర్శకత్వం వహిస్తానని మెల్ గిబ్సన్ అదే ఏడాది ప్రకటించారు. గ్లోవర్ 1946లో పుట్టినవారు. నటిస్తూ చెప్పిన వయసును ఆయన ఎప్పుడో దాటేశారు.

తెలుగువాళ్ళకు ఈ రుచి తెలియంది కాదు. 1986 నాటి ఏజెంటును 2022లో మనవడికి పాలసీసా పట్టే తాతగా చూపించిన కమల్ హాసన్ 'విక్రమ్'ను, రిటైరైన అధికారిగా రజనీకాంత్ మనవడితో ఆడుకునే 'జైలర్'ను ఇక్కడి థియేటర్లు నెత్తిన పెట్టుకున్నాయి. మన సొంత పోలీసు కామెడీ 'వెంకీ' (2004)ని 2023 చివర్లో మళ్ళీ విడుదల చేస్తే, రైలు సన్నివేశాల్లో డైలాగులు తెర కన్నా ముందు హాల్లోంచే వినిపించాయి. రెండో భాగం తీయాలని అభిమానులు అడుగుతూనే ఉన్నారు. తీస్తే, శిక్షణకని రైలెక్కిన ఆ కుర్రాళ్ళు ఇప్పుడు ప్రమోషన్ కోసం ఎదురుచూసే, బీపీ మాత్రలు జేబులో పెట్టుకున్న అధికారులై ఉండాలి. హీరో రవితేజ జుట్టు నల్లగా నిగనిగలాడుతూ ఉంటే ఆ సినిమా తీయకపోవడమే మేలు.

ఆలస్యం చేస్తే పోయేది వసూళ్ళు మాత్రమే కాదు. 'బెవర్లీ హిల్స్ కాప్' మొదటి రెండు భాగాల్లో (1984, 1987) ఎడ్డీ మర్ఫీ అల్లరికి తల పట్టుకునే సార్జెంట్ టాగర్ట్‌గా జాన్ ఆష్టన్ నటించారు. 1994 నాటి మూడో భాగంలో ఆయన లేరు. ఆ సినిమా బాగా వెనకబడింది. ముప్పై ఏళ్ళ తర్వాత, 2024 జులై 3న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'ఆక్సెల్ ఎఫ్'లో టాగర్ట్ తిరిగొచ్చారు. జుట్టు నెరిసింది, ఒళ్ళు బరువెక్కింది, చిరాకు మాత్రం ఏమీ తగ్గలేదు. మర్ఫీ, పాత సహనటుడు జడ్జ్ రైన్‌హోల్డ్, ఆష్టన్ ఒకే ఫ్రేములో నిలబడితే పాత అభిమానుల గొంతు పూడుకుపోయింది. ఆ సెప్టెంబరు 26న ఆష్టన్ చనిపోయారు. వయసు 76. నిర్మాతలు ఇంకొన్నేళ్ళు ఆలోచించి ఉంటే ఆ ఫ్రేము ఉండేది కాదు.

ఇప్పుడు అందరి చూపూ 'రష్ అవర్' మీద ఉంది. మూడో భాగం 2007లో వచ్చింది. నాలుగోది పారామౌంట్ ద్వారా విడుదలవుతుందని 2025 చివర్లో వార్తలొచ్చాయి. 1954లో పుట్టిన హీరో జాకీ చాన్ డెబ్బై దాటారు. ఆయన ఇప్పుడు గోడలెక్కనక్కర్లేదు. డూప్‌ను పెట్టి, కంప్యూటర్‌తో ముడతలు చెరిపి ఎక్కించడం అసలే వద్దు. గోడ ముందు ఆగి, పైకి ఒకసారి చూసి, పక్కనున్న తలుపు తీసుకుని వెళ్ళిపోనివ్వండి. జోడీలో రెండోవాడు క్రిస్ టక్కర్ గోడెక్కలేక ఆయాసపడుతుంటే ఆయన అవతలి వైపు కుర్చీలో కూర్చుని ఎదురుచూడనివ్వండి. పేర్లు పడేటప్పుడు తప్పుపోయిన టేకులు మాత్రం ఎప్పటిలాగే వేయాలి. తొలి సినిమా చివర మూడు చైనా మాటలు నోరు తిరక్క టక్కర్ తంటాలు పడుతుంటే, చాన్ పడీపడీ నవ్విన ఆ రెండు నిమిషాల కోసమే ఎంతోమంది సీట్లోంచి లేవకుండా కూర్చున్నారు.