తాళం నాన్న జేబులో, పిల్లోడు స్టీరింగ్ ముందర

"ఎండగా ఉంది, ఏసీలో కూర్చో, ఇప్పుడే వస్తా" అని పిల్లాణ్ని ఎలక్ట్రిక్ కారులో వదిలి ఓ పెద్దమనిషి మదనపల్లె టమోటా మార్కెట్లోకి వెళ్లిపోయాడు. ఆయన అటు తిరిగాడో లేదో వాడు డ్రైవరు సీట్లోకి దూకాడు. బండి ఆన్‌లోనే ఉంది. చప్పుడే లేని బండి ఆన్‌లో ఉందని ఎవరికి గుర్తుంటుంది? పక్కనున్న ఆటో డ్రైవరు అద్దం మీద కొట్టబట్టి సరిపోయింది. తండ్రి తిరిగొచ్చి "ఏం కాదు సార్, మావాడికి అన్నీ తెలుసు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది అక్కడే.

పాత జీపులూ అంబాసిడర్లూ పిల్లల్ని వాటంతటవే ఆపేవి. క్లచ్ కాలికి అందేది కాదు. గేరులో ఉండగా తాళం తిప్పితే ఓసారి ఎగిరి ఆగిపోయేది, ఆ చప్పుడుకి ఇల్లంతా లేచేది. ఇప్పుడు చాలా కార్లలో తాళం లోపల ఎక్కడో ఉంటే చాలు. బ్రేకు తొక్కి, బటన్ నొక్కి, నాబ్ 'డి' వైపు తిప్పితే పిల్లిలా కదిలిపోతుంది. పిన్ కొడితేగానీ కదలని ఏర్పాటు టెస్లా 2018లోనే తెచ్చింది. మన దగ్గర అమ్మే ప్రతి బండికీ అది తప్పనిసరి చేయడానికి ఏం అడ్డం? బెల్టు పెట్టుకోకపోతే చెవులు చిల్లులు పడేలా అరిచే కారుకి, పదేళ్లవాడు స్టీరింగ్ పట్టుకుంటే నోరు పెగలదా?

కంపెనీల సంగతి సరే, అసలు తప్పు మన మురిపానిది. ఆదివారం బెంగళూరు నుంచి కుప్పం వచ్చే నాన్నలు కొందరు పిల్లాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని స్టీరింగ్ ఇస్తారు, రీల్ తీస్తారు, లైకులు లెక్కపెట్టుకుంటారు. మైనరు బండి నడిపితే తండ్రికో యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, ఏడాది రిజిస్ట్రేషన్ రద్దు అని మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ చెబుతోంది. ఆ పిల్లాడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్సు కూడా రాదు. "నాకు తెలియకుండా తీసుకెళ్లాడు" అని తప్పించుకోవాలంటే ఆ మాట తండ్రే రుజువు చేసుకోవాలి. తాళం గోడ మేకుకి వేలాడుతుంటే ఏం రుజువు చేస్తాడు? ఇంత చట్టం ఉండి కూడా, 2024 మేలో పుణెలో 17 ఏళ్లవాడి పోర్షే గుద్ది ఇద్దరు చనిపోతే, బెయిలుకు పెట్టిన షరతుల్లో ఒకటి 300 పదాల వ్యాసం!

ఇంకో మాట. పిల్లలకు బండి మీద ఇంత యావ ఊరికే రాలేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ 42వ జాతీయ రహదారి మీదే ఉన్నాయి. ఆ రోడ్డు దిగి పల్లెదారి పట్టాలంటే మాత్రం చీకటి పడ్డాక బస్సు దొరకడం గగనం. పుంగనూరు దగ్గర ఎలక్ట్రిక్ బస్సులు తయారుచేస్తామని పెప్పర్ మోషన్ అనే జర్మనీ కంపెనీ 2023లో ప్రకటించింది. కరెంటు బస్సుల మాట తర్వాత చూద్దాం. ట్యూషన్ వదిలే వేళకి డీజిల్ పల్లెవెలుగైనా ఒకటి వేయండి స్వామీ.