సోషల్ చదివితే ఏమొస్తది?

"సోషల్ చదివితే ఏమొస్తది సారూ? లెక్కలు, ఇంగ్లీషు గట్టిగ చెప్పుండ్రి." మన వాడల్లో ఏ తల్లిని కదిలించినా ఇదే మాట. కూలి చేసి కొడుకును ఇంజనీరు చెయ్యాలనుకునే తల్లికి చరిత్ర, పౌరశాస్త్రం, తెలుగు వాచకం కడుపు నింపని చదువుల్లాగే కనబడతయి. ఆమెను తప్పు పట్టలేం. కానీ ఏమొస్తదో వేములఘాట్‌ను చూసి చెప్పాలె.

తొగుట మండలంలోని ఆ ఊరు ఇయ్యాల మల్లన్నసాగర్ నీళ్ల కింద ఉంది. 50 టీఎంసీల రిజర్వాయరుకు భూములు ఇయ్యమన్నప్పుడు, 2016 జూన్‌లో, జనం రిలే దీక్షలకు కూసున్నరు. నెలలు గాదు, ఏండ్లు కూసున్నరు. అప్పుడు సర్కారు చేతిలో ఉన్నది 2015 నాటి 123 జీవో. పట్టా ఉన్నోని దగ్గర భూమి కొనుక్కునే జీవో అది. మరి అదే భూమిలో నాటేసి, కలుపు తీసి బతికే మాల మాదిగ కూలోళ్ల సంగతేంది? జీవోలో వాళ్ల ఊసు లేదు. 2013 భూసేకరణ చట్టంలో ఉంది. గుంట భూమి లేకున్నా, మూడేండ్ల ముందు నుంచి ఆ భూమి మీదనే బతికే కూలీ, కౌలుదారు కూడా నష్టపోయిన కుటుంబమే అని ఆ చట్టం రాసింది.

జీవో పెద్దదా, చట్టం పెద్దదా? పరీక్షలో ఇది ఒక్క మార్కు ప్రశ్న. ఆ ఒక్క మార్కు మీద ఎన్ని వాడల బతుకులు వేలాడినయో చూడుండ్రి! ఉమ్మడి మెదక్ జిల్లా కూలీలే హైకోర్టు మెట్లెక్కిండ్రు. 2016 ఆగస్టులో సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేసిండు. సర్కారు ఊకుంటదా? అప్పీలుకు పోయింది, తర్వాత చట్టాన్నే సవరించుకున్నది. 2021 నాటికి ఊరు ఖాళీ అయ్యింది, జనం గజ్వేల్ పక్కన కాలనీకి చేరిండ్రు. కానీ కూలోనికి కూడా లెక్క కట్టాలన్న మాటను మాత్రం సర్కారు దాటిపోలేకపోయింది.

పదో తరగతి సోషల్‌లో రాంపూర్ అనే ఊరి పాఠం మన పిల్లలు చదివిండ్రు. ఉత్తరప్రదేశ్ ఊరు. భూమిలేని దళితుల మాట అందులోనూ ఉంది, మంచిదే. ఆ పాఠం చెప్పే పంతులు "మన ఊర్ల ఎవరికెంత భూమి?" అని ఒక్క ప్రశ్న అడిగితే తరగతి గది అదురుతది. అడిగేటోళ్లు ఎంతమంది? పాఠం చదివించి, జవాబులు బోర్డు మీద రాసి, గంట కొట్టంగనే బయటపడుడే.

చరిత్రదీ అంతే. 1917లో బెజవాడ సభలో 'పంచములు' అన్న పేరును కాదని 'ఆది ఆంధ్రులం' అన్న భాగ్యరెడ్డివర్మ మన హైదరాబాదోడే. మన పిల్లల కోసం బడులు పెట్టినోడు. ఆయన పేరు మన వాడలో ఎందరికి తెలుసు? తెలుగు వాచకమంటే పద్యం కంఠతా పట్టుడే అనుకునే పిల్లలకు, జాషువా 1941లో 'గబ్బిలం' ఎందుకు రాయవలసి వచ్చిందో చెప్పినోళ్లు లేరు. అంబేద్కర్‌ను బడిలో సంస్కృతం చదవనియ్యలేదు, పార్సీ చదువుకున్నడు. ఏ చదువును మనకు దూరం పెట్టిండ్రో, దాంట్లో వాళ్లకు లాభమేందో తల్లులు ఆలోచించాలె.

కాలనీలోని పిల్లలకు ఒక పని. ముసలోళ్లు ఉండంగనే మునిగిన ఊరిని కాగితం మీద గీయుండ్రి. మాలవాడ ఎక్కడ, మాదిగవాడ ఎక్కడ, ఏ బావి ఎవరిది, లావణి పట్టా భూములు ఏ దిక్కున, ఎవరికి ఎంత ముట్టింది, ఎవరికి ముట్టలేదు, అన్నీ రాయుండ్రి. తప్పులున్నా సరే, మాకు పంపుండ్రి. ఉన్నదున్నట్టు అచ్చేస్తం.